డిష్షు మీద రాలిన చుక్క

గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదు. కాకుంటే, కొత్తచెరువు దావలో గుట్టమీదుండే పెద్ద డిష్షుకు జబ్బు చేసిందని మొదట కనిపెట్టింది మాత్రం ఈ తిమ్మమ్మే. ఆడ వంట చేసేది నేను గదా. తొమ్మిదిమంది కడుపులు చూసేదాన్ని, ఒక గిన్నె జబ్బు చూడలేనా?

జయరాముడి టీ అంగట్లో ఈ మాట అంటే, ఇంజినీరు హరిత తల గూడా ఎత్తలేదు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకోని గోళ్ళు కొరుక్కుంటా ఉండాది. సాయంత్రం నాలుగు కొట్టేలోపల రిపోర్టు పోవాల. పొద్దున కొలతల్లో డిష్షు మీద కనపడిన గడ్డ ఎందుకు లేచిందో కారణం రాయకపోతే, ఇది పనికిరాదని విప్పి లారీకెక్కిస్తారంట. దాంతోపాటే ఆ పిల్ల ఉద్యోగమూ పోతాది. గడ్డ దగ్గరికి పోయి చూసి రమ్మని వాచ్‌మన్ ఆదెప్పకు నిచ్చెనిచ్చి పంపింది. మూడుంబావు అయింది. వాడింకా రాలేదు.

"కనిపెట్టింది నువ్వు కాదవ్వా, బొమ్మలు" అనింది హరిత.

"ఆ బొమ్మలు గీయించింది ఎవరు?" అని నేను జయరాముడి దిక్కు తిరిగితి. "చూడప్పా, పొద్దున్నే, ఎండకు రేకు ఉబ్బకముందే, పెద్ద డిష్షునూ పక్కనుండే చిన్నదాన్నీ ఒకే శాటిలైటు దిక్కు పెట్టినారు. చిన్నది కదలదు. పెద్దది సాలు వెంబడి సాలు, మడక దున్నినట్ల, రవ్వంత ఇటు, రవ్వంత అటు జరుగుతాది. జరిగిన ప్రతిచోటా రెండింటికీ అందిన సిగ్నల్‌ను సరిపోల్చి కంప్యూటరు అంకెలు రాసుకుంటాది. వాటిని లెక్కగడితే రెండు బొమ్మలు. యాంప్లిట్యూడు బొమ్మలో డిష్షుకు యాడ బలముండాదో తెలుస్తాది. ఫేజు బొమ్మలో యాడ మిట్టో, యాడ పల్లమో, గోరంత తేడా గూడా దాగదు."

"ఇంతవరకూ నిజమే" అనింది హరిత, ఆదెప్ప వచ్చే దావకల్లే చూస్తా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంప్యూటరు నడిమధ్యలో నిలిచిపోయె! పదహారువేల అంకెలు! పిల్ల ముఖంలో నెత్తురు లేదు. నేనేం జేస్తి? శెనక్కాయల మూట విప్పి, అంకెకొక గింజ లెక్కన కల్లంలో పరిస్తి."

"పదహారువేల గింజలా?" అన్నాడు జయరాముడు.

"ముప్పైరెండు వేలప్పా! అంకెకు బలమొకటి, ఫేజొకటి. ఆ ఫేజుండాదే, గడియారం ముల్లు మాదిరి, ఒక సుట్టు తిరిగితే మళ్ళీ మొదటికే వస్తాది. ఎన్ని సుట్లు తిరిగిందో కనుక్కోవాలంటే కంప్యూటరుకే తల తిరుగుతాది. నేను ఉగ్గానికి బొరుగులు నానేలోపల అన్ని సుట్లూ విప్పేస్తి. ఆ వేగానికి పైన శాటిలైటు నిలబడిపోయి నాకల్లే చూసె! యాడికి ఊర్లో టీవీలన్నీ ఆగిపోయినాయి, కావాలంటే అడుగుపో!"

"మూడున్నర" అనింది హరిత. "అవ్వా, గడ్డ ఎందుకొచ్చిందో నీకు తెలిస్తే చెప్పు. అది చాలు."

అప్పుడన్నా నా నోరు ఆగితే కదా.

"చుక్క రాలింది పాపా! పోయిన మంగళవారం, పట్టపగలు. బండిచక్రమంత చుక్క, మండుతా వచ్చె. డిష్షు రెండు ముక్కలయ్యేదే. నేను చెంగు పరిచి పడితి. ఆ సెగకే రేకు అంత ఉబ్బింది."

"చెంగు కాలలేదా?" అన్నాడు జయరాముడు.

"చుక్క వస్తాందని ముందే తడిపి పెట్టుకోనుంటి గదప్పా!"

జయరాముడు టీ వంచడం మరిచినాడు. హరిత వేళ్ళు కీబోర్డు మీదే నిలిచిపోయినాయి. "చుక్క పడిందని రాయమంటావా అవ్వా?" అనింది. కండ్లలో నీళ్ళు.

అప్పుడొచ్చినాడు ఆదెప్ప, నిచ్చెన భుజానేసుకోని, రొప్పుతా.

"మేడమ్, రేకు ఉబ్బలేదు, ఏం కాలేదు. మూడో వరస రేకుమీద ఇవి అతుక్కోనుండె. గీకి తెచ్చినా."

కాగితం పొట్లం విప్పినాడు. తెల్లగా, గుండ్రంగా, రాళ్ళ మాదిరి. జయరాముడు ఒకటి తీసి నోట్లో వేసుకోని, కండ్లు మూసి నమిలినాడు.

"సగ్గుబియ్యం, జీలకర్ర, పచ్చిమిరపకాయ" అన్నాడు. "చుక్కకు ఉప్పు కొంచెం ఎక్కువైందవ్వా."

ఇంకేం చెప్పేది? అంత నున్నటి రేకు, ఆకాశం దిక్కు తిరిగి ఊరికే పండుకోనుంటే, మన సీమ ఎండలో వడియాలు పెట్టని ఆడది ఉంటాదా? డిష్షు నడిమధ్యనుండే చిన్న తలుపులోంచి ఎక్కి పెట్టొస్తి. అవి ఎండకముందే డిష్షు వాలిపోయె. మళ్ళీ ఎక్కేదానికి దావ లేదు, చెప్పేదానికి నోరు లేదు.

హరిత టకటకా కొట్టింది: 'రేకులో లోపం లేదు. అతుక్కున్న తినుబండారం తీసేసినాము. రేపు పొద్దున మళ్ళీ కొలుస్తాం.' పంపేముందు నాకల్లే తిరిగింది.

"ఒక్కటి మిగిలినా రేపు బొమ్మలో గడ్డ లేస్తాది. ఎన్ని పెట్టినావు? కలపకుండా చెప్పు."

పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి, ఒక్కటి గూడా కలపకుండా చెప్పినా. "నలభై రెండు."

ఆదెప్ప పొట్లంలో ఒక్కొక్కటే లెక్కబెట్టినాడు. ఇంకోసారి లెక్కబెట్టినాడు.

"నలభై ఒకటే ఉండాయి మేడమ్."

అందరం జయరాముడి దవడకల్లే చూసినాం.