అలర్జీలు: లేవు

అది కాదమ్మా, ముందు ఆ కళ్ళు తుడుచుకో. అద్దాల గది ఇది. బయట అందరూ తలలు వంచుకుని పని చేస్తున్నట్టే ఉంటారు గానీ చూపులన్నీ ఇటే. నేనేదో అనేశాననుకుంటారు.

రాజీనామా ఇమ్మన్నాను, అంతే కదా. కంపెనీ వాళ్ళే తీసేస్తే ఇంకో చోట ఎవరు తీసుకుంటారు నిన్ను? నీ మంచికే చెబుతున్నా.

ఏంటా కాగితం? ప్రింటు తీసుకొచ్చావా. సరే, ఇటివ్వు. "అలర్జీల గడి రిక్వైర్డ్, కానీ నలబుల్." రికార్డులో ఏ గడి ఎలా ఉండాలో నువ్వు రాసిన స్కీమానే, గుర్తులేకేం. వార్డు నుంచి వచ్చే ప్రతి రోగి రికార్డులో ఆ గడి ఉండి తీరాలి. లోపల నల్ ఉన్నా ఫర్వాలేదు. నల్ అంటే ఇంకా అడగలేదని. ఖాళీ జాబితా అంటే అడిగాం, ఏవీ లేవన్నారని. కింద నోటొకటి: "అడగకపోవడం, లేకపోవడం ఒకటి కావు." మీటింగులో పైకి చదివి అందరినీ నవ్వించాను. నువ్వూ నవ్వావు పాపం.

నీ స్కీమా తప్పని నేనెప్పుడన్నాను?

మన సాఫ్ట్‌వేర్ వాడే ఆ ఆసుపత్రిలో నర్సులు వివరాలు ఎక్కించే పాత ట్యాబ్‌లున్నాయి కదా, వాటికి ఆ గడి సంగతే తెలియదు. గడి లేకుండా రికార్డు పంపేవి, నీ స్కీమా తిప్పి పంపేసేది. నర్సులు ఫోను. మేనేజరు ఫోను. ఎవరికి? నాకు. నువ్వేమో హాయిగా భోజనానికి వెళ్ళావు.

ఆ పూటే కదా మార్పు జరిగింది. రిక్వైర్డ్ తీసేసి, గడి రాకపోతే ఖాళీ జాబితా అనుకోమని ఒక్క లైను. ఫోన్లు ఆగిపోయాయి. డాక్టర్ల స్క్రీను మీద పచ్చటి అక్షరాల్లో "అలర్జీలు: లేవు" అని రావడం మొదలైంది. ఎవర్నీ అడక్కుండానే.

మూడు వారాలు బాగానే నడిచింది. నాలుగో వారం ఆ టైలరమ్మ వచ్చింది, కాలికి చీము పట్టి. స్క్రీను చూశారు, ఆవిడకి పడని ఇంజెక్షనే చేశారు. గొంతు వాచిపోయి ఊపిరి ఆగింది. ప్రాణమైతే దక్కింది. మెదడుకి గాలందక చేతులే పడిపోయాయి. సూది మాట దేవుడెరుగు, గ్లాసు కూడా పట్టుకోలేదు.

ఆ లైను నీ లాగిన్‌తో పడింది. మార్పుల చిట్టా అదే చెబుతోంది. సీటు లోంచి లేచేటప్పుడు కంప్యూటరు లాక్ చేసుకోవాలని నీకెవరూ చెప్పలేదా?

అలా చూడకు.

అవును, నేనే. నా లాప్‌టాప్ అప్‌డేట్ అవుతోంది, ఫోను మోగుతోంది, నీ కుర్చీ ఖాళీగా ఉంది. నీ మీదకి తోద్దామని కూర్చోలేదు, అప్పటికి అంత ఆలోచన లేదు. విచారణలో "ఎవరు చేశారు?" అన్నప్పుడు మాత్రం స్క్రీను మీద నీ పేరు కనబడుతూనే ఉంది. నేను నోరు విప్పాల్సిన పని కూడా రాలేదు.

వెళ్ళి చెప్పుకో, ఎవరొద్దన్నారు? పన్నెండేళ్ళుగా ఉన్నవాణ్ణి నేను. నువ్వొచ్చి ఏడాది.

మొన్న కంపెనీ తరఫున ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళాను. చిన్న గది. కుట్టు మిషను మీద దుప్పటి కప్పి ఉంది. భర్త చెంచాతో నీళ్ళు తాగిస్తున్నాడు. నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి వేశాడు. "పని మానుకుని వచ్చారు, మంచివారు బాబూ" అన్నాడు. చెంచా మళ్ళీ అందుకుని, "ఇంతకీ ఎవరి వల్ల జరిగింది బాబూ ఇది?" అని అడిగాడు. కోపంగా కాదు. ఊరికే తెలుసుకుందామని.

అక్కడ మేనేజరు లేడు, విచారణ లేదు. నిజం చెప్పినా నాకు పోయేదేం లేదు.

నీ పేరు చెప్పాను.

ఆయనకి కాస్త చెవుడు. చెయ్యి చెవికి ఆనించుకుని "ఎవరూ?" అన్నాడు. ఈసారి గట్టిగా, నీ ఇంటిపేరుతో సహా చెప్పాను.

సంతకం అక్కడ కాదు, కింద. తేదీ నేను వేస్తాలే.