ఒక్క గ్రాఫ్‌కే చోటు

హలో… ఆ, నేనే బాబాయ్. ఇప్పుడే ఆఫీసు నుంచొచ్చి చెప్పులు విప్పా. చెప్పు.

…

పక్క దేశం మీద జనం ఏమనుకుంటున్నారో నేను చేసిన సర్వేకి నీ పేపర్లో హెడ్డింగా? చదువు, వింటా.

…

"ఏరు దాటొచ్చినవాళ్ళ మనసు ఇంకా అవతలి దేశంలోనే"… బాబాయ్, నేను అలా రాశానా?

…

గ్రాఫ్‌లో ఉంది, కాదనను. వాళ్ళనో పక్క, మనవాళ్ళనో పక్క నిలబెడితే అలాగే కనిపిస్తుంది. రెండో గ్రాఫ్ చూశావా?

…

అయ్యో, అసలు సంగతి అందులోనే ఉంది! ఆ దేశం వాళ్ళు పెట్టిన మిల్లులో ఎక్కువమంది ఎవరు? ఏరు దాటొచ్చినవాళ్ళే కదా. మిల్లు జీతగాళ్ళని విడిగా చూడు… వాళ్ళయినా మనవాళ్ళయినా ఆ దేశం మంచిదే అంటారు. మిల్లుతో పని లేనివాళ్ళు ఎవరైనా సరే, పెదవి విరుస్తారు.

…

మొగుణ్ణి వెనకేసుకురావట్లేదు. ఆయన తాత ఏరు దాటొచ్చాడు, నిజమే. కానీ మిల్లులోంచి తీసేసినప్పటి నుంచీ ఆ దేశం పేరెత్తితే భగ్గుమంటాడు. నువ్వేమో మొన్న పెళ్ళిలో దాన్ని ఆకాశానికెత్తావ్. మిల్లు ప్రకటనలన్నీ నీ పేపర్‌కే కదా మరి!

…

నవ్వకు బాబాయ్. నాకు కోప్పడే ఓపిక కూడా లేదు. నిన్న మా కొట్టు దగ్గర ఎవడో "మీ దేశానికి ఎప్పుడెళ్తావ్" అన్నాడట ఈయన్ని. పుట్టింది ఈ వీధిలోనే. కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచాడు.

…

ఒక్క గ్రాఫ్‌కే చోటుందా? అయితే రెండోదే వెయ్యి.

…

జనానికి ఎక్కదా… ఊఁ.

…

ప్రింటింగ్‌కి వెళ్ళిపోయిందా? మరి నన్ను అడగడమెందుకు?

…

నా పేరు కూడా వేశావా… గొప్పేముంది బాబాయ్ అందులో. నాకు భయంగా ఉంది.

…

రేపు మా ఇంటికి పేపర్ వేయించనంటావా? దాస్తే దాగుతుందా? మా వీధికి నీ పేపర్ అమ్మేది ఎవరు? తెల్లారగానే కొట్టు తెరిచి, ఆ హెడ్డింగు అందరికీ కనబడేలా తాడుకి వేలాడదీసేది నీ అల్లుడే.

…

ఆగు, ఆయనే వచ్చాడు. ఫోన్ ఇస్తా, ఆ హెడ్డింగేదో నువ్వే చదివి వినిపించు… బాబాయ్?… హలో?

…పెట్టేశాడండీ.