రెండో వెర్షన్ ఆపితే

గంటల బాబాయ్ నోటికి తాళం వేసే మొనగాడు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు. ఆఫీసు ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్లమీద ఆయన చతికిలబడ్డాడంటే, కొట్టాయన పాలు పొంగినా పట్టించుకోడు. బడుల్లో, ఫ్యాక్టరీల్లో వేళకి గంట కొట్టే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పదిమంది కలిసి రాసి ఊరికే పంచిపెడుతున్నారు, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. అది ఐదో వెర్షన్‌కి వచ్చేసినా బాబాయ్ మాత్రం రెండోదాన్నే పట్టుకుని వేలాడుతున్నాడు. పాతదాంట్లో తప్పులు దిద్ది మళ్లీ వదలడమే ఆయన పని. దాన్ని ఈ సాయంత్రంతో ఆపేద్దామని మిగతావాళ్లు అనుకుంటున్నారు. ఆ పని పోతే పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో ఆయనకి తెలీదు. ఆ భయం పైకి కనపడకుండా కోతలు కోస్తున్నాడు. ఆ జట్టుకి పెద్ద ఎవరో కాదు, బాబాయ్ అన్న కూతురే. ఎదురుగా కూర్చుని టీ ఊదుకుంటోంది.

“రెండోది ఆపేస్తారట. ఆపండమ్మా, నాదేం పోయింది. ఆ మూలమీది బడి ఉంది చూశావూ, అక్కడ ఓ రోజు గంట మోగలేదు. నేను వెళ్లి ఒక్క లైను, ఒకే ఒక్క లైను దిద్దాను. మోగింది. హెడ్మాస్టరు నా చెయ్యి పట్టుకుని వదిలితేగా.”

“ఇంతవరకూ నమ్మొచ్చు,” అన్నాడు కొట్టాయన.

“నమ్మక చస్తావా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ గంట విని పక్క ఫ్యాక్టరీవాళ్లు పరిగెత్తుకొచ్చారు, మాకూ పెట్టమని, పెట్టాను, ఆ సైరను సముద్రం మీదికి వినపడి ఓడలవాళ్లు దిగొచ్చారు, మాకు ఐదోది అక్కర్లేదు మహానుభావా, నీళ్లమీద కొత్తవి నిలవవు, రెండోదే ఇప్పించమని. ఇచ్చాను. ఇప్పుడు ఏ ఓడైనా రేవు వదలాలంటే నా గంట మోగాలి. అలలకి కూడా అలవాటైపోయింది, గంట మోగందే ఒడ్డుకి రావు.”

“అలలకి ఎవరు పెట్టారు బాబాయ్?” అంది అన్న కూతురు.

“మధ్యలో అడ్డు రాకు. అసలు సంగతి ఇంకా చెప్పనేలేదు. ఓ రోజు జ్వరమొచ్చి పడుకున్నాను, గంట చూసే నాథుడు లేడు. ఎంతకీ తెల్లారదే. కోళ్లు కూసీ కూసీ గొంతులు పోగొట్టుకున్నాయి. మూలుగుతూ లేచి కంప్యూటర్ తెరిచి చూద్దును కదా, సూర్యుడు. ఆయనా రెండో వెర్షనే. కొత్తది పెట్టుకోవయ్యా అంటే, ఈ వయసులో అవన్నీ నాకెందుకన్నాడు. దిద్దాను. అప్పుడు తెల్లారింది. మీరు ఆపేస్తే లోకం చీకట్లో కూర్చుంటుంది, తర్వాత నన్ననకండి.”

కొట్టాయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. అన్న కూతురు గ్లాసు కింద పెట్టింది.

“బాబాయ్, పోయిన వేసవిలో రెండోదానికి ఓ రిపేరు వదిలారు, గుర్తుందా?”

“ఎందుకుండదు? అంత నున్నగా ఎన్నడూ చెయ్యలేదు.”

“లోపల ఏమీ లేదు. తొందరలో ఖాళీ ఫైలు ఎక్కించారు. అది పెట్టుకుంటే గంట మోగడం మాట అటుంచి, అసలు తెరుచుకోదు. వేసవి పోయింది, వానలూ పోయాయి. ఒక్కరంటే ఒక్కరు ఫిర్యాదు చెయ్యలేదు. సూర్యుడు కూడా.”

బాబాయ్ మొహం చిన్నబోయింది. “ఆ బడివాళ్లయినా అడగలేదా?” అన్నాడు.

“వాళ్లు ఎప్పుడో మూడోదానికి మారిపోయారు. ఇప్పుడు అదీ పాతదే. చూసే దిక్కు లేదు, ఫిర్యాదులు మాత్రం కుప్పలు. నిన్న ఆ బడిలో మధ్యాహ్నం గంట మోగక పిల్లలు ఆకలితో కూర్చున్నారట. రెండోది ఈ సాయంత్రం ఆపేస్తున్నాం. మూడోది మీరే చూడాలి బాబాయ్. అంత ఓపిక మాలో ఎవరికీ లేదు.”

ఆ మాట కోత కాదని ఆయనకి తెలుసు. కళ్లు చెమర్చాయి కూడా. గొంతు సవరించుకుని, బల్లమీద కాళ్లు చాపుకున్నాడు.

“మూడోదా?” అన్నాడు నింపాదిగా. “చంద్రుడు నడిచేది దేనిమీద అనుకుంటున్నావ్?”