నాలుగు కోట్ల ఇరవై ఏడు లక్షల చిల్లర

ఫోన్ ఆటలు తయారుచేసే ఆఫీసులో, మధ్యాహ్నం పూట, ప్రోగ్రామరు పక్క కుర్చీలో ఒకావిడ తన తమ్ముడి ఫోను పట్టుకుని కూర్చుంది.

"అది కాదు బాబూ, నేనడిగేది ఒకటే. ఈ అంకె కదల్లేదంటే మావాడు నొక్కలేదనేగా?"

"మేడమ్, ముందు కాసిని మంచినీళ్లు తాగండి."

"తాగాను. బయట కూర్చున్న అమ్మాయి ఇచ్చింది. చెప్పు."

"అసలు నన్నెలా పట్టుకున్నారు మీరు?"

"ఆటలో అట్టడుగున చిన్న అక్షరాల్లో నీ పేరుంది. అంకెల్ని పొట్టిచేసే కోడు నువ్వు రాసిందేనట."

"నేనేనండీ. ఈ ఆట మా ఆఫీసుదే. అలాంటి కోడుని లైబ్రరీ అంటాం. ఒకళ్లు రాసిపెడితే పదిమంది తమ ఆటల్లో వాడుకుంటారు. నాలుగు కోట్ల ఇరవై ఏడు లక్షల చిల్లర అని మొత్తం వేస్తే తెరమీద పట్టదు కదా. అందుకని 4.27 కోట్లు అని వేస్తుంది."

"ఆఁ, అదే. పదకొండు రోజులూ అదే. 4.27 కోట్లు."

"పదకొండు రోజులంటే..."

"బండి మీంచి పడ్డాక. మాట లేదు, చూపు లేదు. ఏ కాస్త కదలిక కనిపించినా చెప్పమ్మా, ఊపిరి మిషను తీయకుండా చూద్దాం అన్నాడు పెద్ద డాక్టరు. వాడికి ఈ మొక్కలాటంటే ప్రాణం. అందుకే చెయ్యి కింద ఫోను పెట్టాను. ఒక్క నొక్కుకి ఒక్క మొక్క."

"ఇందులో యంత్రాలు వాటంతటవే నాటేస్తుంటాయి కదండీ?"

"అవన్నీ ఆపేశాను. వేలితో నొక్కితేనే నాటేట్టు పెట్టాను. ఆమాత్రం తెలుసు నాకు."

"మరి వేలు... వేలు చూడలేదా మీరు?"

"చెయ్యి దుప్పటి కింద ఉండేది. పొద్దున్నే నర్సు ఫోను ఛార్జింగ్ చేసి పెట్టి, చలికి దుప్పటి కప్పేసేది. 'ఒరేయ్, అక్కనొచ్చాను, నొక్కరా' అనేదాన్ని. గంటసేపు కూర్చుని, వచ్చేముందు ఫోను తీసి, అంకె చూసి, మళ్లీ పెట్టేసేదాన్ని. అంతే."

"అంతేనా?"

"అంతే. లేదు డాక్టరుగారూ, కదల్లేదు అని చెప్పేదాన్ని. నా నోటితో నేనే చెప్పాను. పన్నెండో రోజు తీసేశారు... ఏంటి బాబూ, ఆ కంప్యూటర్లో ఏం వెతుకుతున్నావు? మొత్తం అంకె మీ దగ్గర ఉంటుందటగా?"

"ఉంటుందండీ, సర్వర్లో. కానీ మేడమ్, దుప్పటి తగిలినా నొక్కినట్టే పడొచ్చు. దాన్నిబట్టి ఏమీ..."

"అంటే పడింది."

"నేనలా అన్లేదు."

"పడిందా, లేదా?"

"...పడింది."

"ఎన్ని?"

"వద్దు మేడమ్."

"ఎన్నిరా?"

"రోజుకి ముప్పై. నలభై."

"మరి అంకె కదల్లేదేం? కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశానే!"

"ఇంచుమించు లక్షసార్లు నొక్కితేగానీ అది 4.28 అవదండీ. అంతలోపు ఎన్ని నొక్కినా నా కోడు చూపించదు. నేనే అలా రాశాను."

"దుప్పటే అయ్యుంటుందిలే. నువ్వే అన్నావుగా. దుప్పటే."

"అవునండీ. అయ్యుండొచ్చు."

"ఏ టైములో పడ్డాయి?"

"అది..."

"నర్సు దుప్పటి మార్చేది పొద్దున్నే. పొద్దున్నే కదూ పడ్డాయి?"

"కాదండీ. నాలుగు నుంచి ఐదు లోపు."

"నాలుగింటికి... నాలుగింటికే బెల్లు కొట్టి మమ్మల్ని లోపలికి పంపేవాళ్లు బాబూ. రోజూనా? రోజూ ఆ గంటలోనేనా?"

"పది రోజులు అలాగే పడ్డాయి. పదకొండో రోజు..."

"పదకొండో రోజు నేను వెళ్లలేదు. మర్నాడు సంతకం పెట్టాలి, వాడి మొహం చూసే ధైర్యం లేక ఇంట్లోనే పడి ఉన్నాను. ఆ రోజు ఒక్కటీ పడలేదు కదూ? చెప్పు, పడలేదు కదూ?"

"అక్కా..."

"చెప్పు."

"ఆ రోజు నాలుగింటికి మొదలుపెట్టాడక్కా. ఫోన్లో ఛార్జింగ్ అయిపోయేదాకా ఆపలేదు. రెండు వేల నూట ఆరు."