పరేశాంతి పంచిన ఈదమ్మ గారు

ఆగస్టు ఆరో తేదీయే, సందేహం అక్కరలేదు. సర్వీసు రిజిస్టరులో 1990 ఆగస్టు 6, సోమవారం అని స్పష్టంగా ఉంది. అయినా శ్రీమతి ఈదమ్మ గారిని అడిగితే తేదీ చెప్పరు, "గోపాల్‌పేట నర్సరీల కానుగ మొలకలు జానెడు లేసిన దినం" అంటారు. ఆ రోజు అటవీశాఖలో చేరిన ఆమె ముప్పై నాలుగేళ్ళకు పైబడిన ఉద్యోగ జీవితాన్ని ముగించుకొని ఈ మే 31న పదవీ విరమణ చేస్తున్నారు. ఈ ప్రత్యేక సంచికకు నాలుగు మాటలు రాయమని మిత్రులు నన్ను కోరారు. ఎక్కువగా మాట్లాడని నన్నే ఎందుకు కోరారా అని రెండు రోజులు ఆలోచించాను. మన్ననూర్ దారిలోని మా చిన్న వైర్‌లెస్ గదిలో, ఒకే సెట్టు ముందు, ఆమె పక్కన మూడేళ్ళు కూర్చున్నవాడిని నేనొక్కడినే. అందుకే కాబోలు.

గోపాల్‌పేటలో ఆమె తొలి ఉద్యోగం మొక్కల లెక్క రాయడం. ఒక మధ్యాహ్నం మేకలమంద నర్సరీలో చొరబడితే, తోటి ఉద్యోగి హన్మమ్మ గారు తల పట్టుకొని అటూ ఇటూ పరుగెత్తసాగారట. ఆ గందరగోళంలో ఈదమ్మ గారి నోట మొదటి కొత్త మాట పుట్టింది.

"హన్మమ్మా, జర ఆగులాడు!"

"ఏంది? ఏమాడాలె?"

"ఎతుకులాడుతం గద, గట్లనే ఆగులాడుడు. ఉరికే ముంగట ఆగి సూసుడు."

ఇద్దరూ ఆగి చూశారు. కంచెకు ఎక్కడ కంత పడిందో అప్పుడు కనబడింది. ఇద్దరూ చెరోవైపు నిలబడితే మేకలు వచ్చిన దారినే బయటికి పోయాయి. మొక్కల లెక్క మాత్రం ఆ నెల నలభై తక్కువ వచ్చింది.

2003లో గద్వాలకు బదిలీ అయ్యారు. అక్కడి మిత్రులు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకునే ఉదంతం ఒకటుంది. కృష్ణకు వరద వచ్చి తీసిన వారం, ఒక మొసలి దారి తప్పి వరిపొలంలోకి వచ్చింది. కర్రలతో రెండు వందల మంది గట్టు మీదికి చేరారు. మొసలిని పట్టే బృందం రావడానికి ఇంకా గంట పడుతుంది. ఈలోపు మనుషులు దాన్ని కొట్టినా, అది మనుషుల మీద పడినా ప్రాణం పోవడం ఖాయం. అందరికన్నా బిగ్గరగా అరుస్తున్నవారు పొలం యజమాని శ్రీరాములు గారు. ఈదమ్మ గారు నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళారు.

"శ్రీరాములన్నా, ఇయ్యాల నిన్ను ఈ పొలానికి తాపీల్దారు చేసిన."

"ఏందమ్మా? తాసిల్దారా?"

"గాయన కాదు. తాపీల్దారు. ఎవలూ ఉరుకకుండ సూసేటోడు. ఒక్కటే షరతు, నువ్వు అస్సలు ఉరుకొద్దు, ఒర్లొద్దు."

గట్టు మీద ఎవరో అందుకున్నారు: "మామా, ఇగ నోరు మూస్కో, దొరక్క దొరక్క నౌకరి దొరికింది!"

జనం ఘొల్లున నవ్వారు. నవ్వుతున్నవాళ్ళ చేతుల్లో కర్రలు కిందికి దిగాయి. శ్రీరాములు గారు తువ్వాలు భుజాన వేసుకొని, ఒక్కొక్కరినే గట్టు మీద కూర్చోబెట్టారు. గంట తర్వాత మొసలి క్షేమంగా నదికి చేరింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయన మా గద్వాల కార్యాలయానికి వచ్చినప్పుడల్లా, "తాపీల్దారు వొచ్చిండని మేడానికి చెప్పున్రి" అని గుమ్మంలోనే నిలబడేవారట.

2014 నుంచి ఆమె మా వైర్‌లెస్ గదిలో ఉన్నారు. వేసవిలో నల్లమల గుట్టల మీద గడ్డి అంటుకుంటే, అక్కడి కాపలాదారులకు ఆమె గొంతే ఆధారం. మనసు గురించిన పుస్తకాలు చదివే అలవాటున్న నేను, ఆమె కొత్త మాటలు ఎందుకు పనిచేస్తాయో ఒకసారి ఆమెకే వివరించబోయాను. 'శాంతించండి' అనే మాటను మనిషి భయపడ్డప్పుడే వింటాడు కాబట్టి ఆ మాట వెంట పాత భయాలన్నీ వస్తాయి, కొత్త మాటకు గతం లేదు, దాని అర్థం వెదుక్కునే క్షణంలో మనసుకు ఊపిరి అందుతుంది అన్నాను. ఆమె అంతా విని, "శేఖరూ, గంత పెద్ద ముచ్చట నాకు తెల్వదు. మాట జొన్నరొట్టె లెక్క. పెనం మీదికెల్లి తీసినప్పుడే మెత్తగుంటది" అన్నారు. ఒక మాట నాకూ ఇవ్వమని అడిగాను. "నా మాట నీకు పన్జేయది. నీది నువ్వే చేస్కోవాలె."

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అభినందన వ్యాసంలో సొంత తప్పు రాయడం పద్ధతి కాదేమో. కానీ అది రాయకపోతే ఆమె గురించి నేను రాసినదేదీ పూర్తి కాదు.

2024 మార్చిలో ఒక మధ్యాహ్నం ఈదమ్మ గారు పనిమీద అమ్రాబాద్ వెళ్ళారు. సెట్టు ముందు నేనొక్కడినే ఉన్నాను. గుట్ట మీద నలుగురితో మంటలార్పుతున్న కాపలాదారు దేవదాసు గొంతు ఒక్కసారిగా పగిలినట్టు వినిపించింది. "సారూ! గాలి మళ్ళింది, మంట ఎనకకెల్లి గూడ వొస్తుంది! ఎటు పోవాలె?"

నేను మీట నొక్కాను. మాట రాలేదు. మీట నొక్కి ఉన్నంతసేపు అవతలివారి గొంతు మనకు వినబడదని మా పనిలో మొదటి రోజే నేర్పుతారు. నాకు అది తెలుసు. తెలిసినా బొటనవేలు మీట మీదే బిగుసుకుపోయింది. ఐదుగురి ప్రాణాలు నా మౌనం వెనుక ఇరుక్కున్నాయి. ఎంతసేపో చెప్పలేను. గడియారం ప్రకారం ఒక నిమిషం లోపే.

తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. ఈదమ్మ గారు సంచి కింద పెట్టి, నా బొటనవేలిని మీట మీదనుంచి, నిద్రపోతున్న పిల్లవాడి చేతిలోంచి బొమ్మ తీసినంత మెల్లగా తీశారు. వెంటనే సెట్టులోంచి దేవదాసు కేకలు గదినిండా పడ్డాయి. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆమె మీట నొక్కారు.

"దేవదాసూ, పరేశాంతిగ ఉండు."

"అంటే ఏందమ్మా?"

"సగం పరేషాన్, సగం శాంతి. పరేషాన్ నాకు పంపియ్యి, శాంతి నువ్వుంచుకో. ఇప్పుడు చెప్పు, పొద్దుగాల కాలిన జాగ ఏడుంది?"

"కుడిదిక్కు. నల్లగుంది."

"నిప్పుకు ఆడ తినేతందుకు ఏం లేదు. అందరు పోయి ఆడ నిలబడున్రి. ఒక్కొక్కడు పేరు చెప్పున్రి, నేను ఇంటున్న."

ఐదు పేర్లు వినబడ్డాయి. సాయంత్రానికి ఐదుగురూ కాలిన చెప్పులతో, మసి ముఖాలతో దిగి వచ్చి, మా గది ముందు కూర్చొని టీ తాగారు. ఆ నిమిషం సెట్టు బ్యాటరీ మొండికేసిందని దేవదాసు అనుకున్నారు. ఈదమ్మ గారు కాదనలేదు, ఔననలేదు. ఈ పద్నాలుగు నెలల్లో ఆమె ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, నాతో కూడా. దేవదాసు గారూ, ఆ రోజు చెడిపోయింది బ్యాటరీ కాదు, నేను. మన్నించండి.

ఆనాటినుంచి నేను మీట ముట్టలేదు. ఆమె మాట్లాడతారు, నేను పుస్తకంలో రాస్తాను. జూన్ ఒకటి నుంచి ఆ గదిలో నేనొక్కడినే ఉంటాను. రాత్రుళ్ళు మాటలు అల్లి చూశాను. ఏవీ నావి కాలేదు, అన్నీ ఆమె గొంతుతోనే వినిపించాయి.

ఈదమ్మ గారు ఇకపై గోపాల్‌పేటలోని తమ ఇంటి పెరట్లో కానుగ మొక్కలు పెంచుతానంటున్నారు. ఆ మొక్కలు ఆమెకన్నా ఎత్తు ఎదగాలని, వాటి నీడలో ఆమె నూరేళ్ళు నిండుగా కూర్చోవాలని, మోకాళ్ళ నొప్పి మాత్రం ఆమెతోపాటే విరమణ పొందాలని, పాలమూరులో ఎవరింట ఏ తొందర వచ్చినా ఆమె నోట కొత్త మాట ఒకటి వేడివేడిగా పుడుతూనే ఉండాలని మా అందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను.

ఇంతవరకు రాసి కలం మూత పెడుతుండగా సెట్టు పలికింది. "అమ్మా, గుట్ట మీద పొగ లేస్తుంది! పెద్దగుంది! ఇంటున్నవా?" దేవదాసు గొంతే. పక్క కుర్చీలో ఈదమ్మ గారు టిఫిన్ డబ్బా మూత బిగిస్తున్నారు. ఆ మూత ఎంతకీ బిగియడం లేదన్నట్టు, తల ఎత్తలేదు.

నేను మీట నొక్కాను.

"దేవదాసూ, శేఖర్‌ను. బొటనవిడుపు" అన్నాను.

మీట మీదనుంచి బొటనవేలు ఎత్తి, వినసాగాను.