దగ్గర కూర్చున్నవాళ్ళు

అక్కడే కూర్చో నర్సమ్మా, ఆ గుమ్మం దగ్గరే. వినబడకపోతే ఇంకోసారి చెప్తాలే గానీ దగ్గరికి రాకు. అందరూ అలా వంగి వంగి విన్నందుకేగా ఇవాళ నువ్వా కాగితం పట్టుకుని వచ్చింది.

ఏం రాయాలీ? మూడు నెలల్లో నా దగ్గర కూర్చున్నవాళ్ళంతానా? అసలు ఎవరు కూర్చోలేదో అడుగు.

ముప్పై ఏళ్ళు ఎక్కాలు చెప్పిన గొంతు కదా, అరిచి అరిచి బొంగురుపోయిందనుకున్నాను. డాక్టరు గొట్టం పెట్టి చూసి, "క్యాన్సర్ కావచ్చు, ముక్క తీసి పరీక్షకి పంపుదాం" అన్నాడు. ఆయన కావచ్చన్నది ఇల్లు చేరేసరికి ఖాయమైపోయింది. క్యాన్సర్ అంటుకోదు కదా, పక్కింటావిడా, బళ్ళో టీచర్లూ అందరూ వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. రాశావా?

మా చెల్లెలూ వచ్చింది. అమ్మ కుట్టుమిషను ఎవరిదన్న గొడవతో పన్నెండేళ్ళు మొహాలు చూసుకోలేదు మేము. అదిగో, ఆ మూల తుప్పు పట్టి ఉందే, అదే మిషను. వచ్చిన రోజే నా మంచమెక్కి పడుకుంది, చిన్నప్పటిలా. నా గుసగుస వినబడక చెవి నా నోటికి ఆనించేది. నేను దగ్గితే వీపు రాసేది.

ముక్క తియ్యడమంటే భయమేసి నెల రోజులు సాగదీస్తే, చెల్లెలే నన్ను లాక్కెళ్ళింది. రిపోర్టుకి మాత్రం నేనొక్కదాన్నే వెళ్ళాను. క్యాన్సర్ కాదట. గొంతులో క్షయట. అక్కడికీ వస్తుందని నాకేం తెలుసు? ఆరు నెలలు మాత్రలు మింగితే తగ్గిపోతుందన్నాడు. అంటుకుంటుంది, విడిగా పడుకోమనీ అన్నాడు. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవాళ్ళు కదూ?

నేను ఆ రిపోర్టు మిషను సొరుగులో దాచాను.

పది రోజులు, నర్సమ్మా. చావనని తెలిస్తే చెల్లెలు వెళ్ళిపోదూ? అది వచ్చింది చావబోయే అక్క కోసం. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ, మాత్రలు దొంగచాటుగా మింగుతూ దాని పక్కనే పడుకున్నాను.

నా దిండు గలీబు చిరిగితే, కుట్టడానికి దారం వెతుకుతూ అదే సొరుగు తీసింది. చదివింది. తిట్టలేదమ్మా. "బతుకుతావన్నమాట" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. వెళ్ళమన్నా వెళ్ళలేదు.

వంటింట్లో దగ్గు వినబడుతోందా? అది నాది కాదుగా, నేను నీ ఎదురుగానే ఉన్నాను. అంతకుముందు అంటుకుందో, ఆ పది రోజుల్లో అంటుకుందో నీ పరీక్షలో తెలుస్తుందా?

వద్దులే, చెప్పకు. దాని పేరు మొదట రాయి.