సాక్షి సంతకం

అది కాదమ్మా, ఇంట్లో ఫ్రిజ్జుంటే పెన్షన్ ఆపేస్తారా? ఫ్రిజ్జు అన్నం పెడుతుందా? నా ముందు ముగ్గురిని రేపు రమ్మని పంపించేశారు. నన్ను కూడా అలా పంపేద్దామనుకోకండి, నేను కదలను.

లిస్టులో పేరు పోయింది నాది కాదు, మా వదినది. మా అన్నయ్య భార్య. అన్నయ్య పోయాక నా పక్క గదిలోనే ఉంటోంది. నేను బట్టలు కుడితే ఆవిడ గుండీలూ కాజాలూ కుట్టేది. ముప్పై ఏళ్ళు ఒకే గుమ్మంలో కూర్చుని పనిచేశాం. ఇప్పుడావిడకి చూపు ఆనడం లేదు, ఏ పనీ చెయ్యలేదు.

ఆవిడకున్న ఆధారం ఆ పెన్షనొక్కటే. అది ఆగి మూడు నెలలైంది. కంటిచుక్కలు రోజు విడిచి రోజు వేసుకుంటోంది. ఏం వదినా అంటే, డాక్టరే అలా వేసుకోమన్నాడంటుంది.

ఉన్నవాళ్ళకి ఆపాలి, నిజమే. నేను కాదన్నానా? మేడమీద ఇంజనీరుగారు కారు దిగొచ్చి మా లైన్లోనే నిలబడేవారు. ఇలాంటివాళ్ళకి కూడానా అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఆస్తి చూసి ఇస్తారని రూలు వచ్చినప్పుడు సంబరపడ్డాను కూడా. మీ తనిఖీ ఆయన నా గదికే వస్తున్నాడని తెలిసేదాకా.

ఏమిటీ? ఫ్రిజ్జొక్కటే కాదా? తెలుసమ్మా, కరెంటు కుట్టుమిషను కూడా రాశారు.

చూపు ఆనని మనిషికి కుట్టుమిషను ఎందుకని మీలో ఒక్కరైనా అడగరేం?

సరే, నేనే చెబుతాను. అవి నావి.

వదిన గది అంతకుముందు వారమే చూసి వెళ్ళారు. ఇక రారులే అని, ఆయన నా గదికి వచ్చే రోజు పొద్దున్నే రెండూ ఆవిడ గదిలో పెట్టించాను. సాయంత్రం తీసేసుకుంటానంటే, పాపం, మంచం జరుపుకుని చోటిచ్చింది. ఆయన వచ్చాడు. నా గదిలో పాత తొక్కుడు మిషనొక్కటే కనబడింది. వెళ్ళబోతూ, పోయినవారం వదిన కాగితం మీద సాక్షి సంతకం తీసుకోవడం మరిచిపోయానన్నాడు. పక్కవాళ్ళది కావాలట. నన్ను వెంటబెట్టుకునే ఆవిడ గదిలోకి వెళ్ళాడు.

ఇవెవరివి అన్నాడు. వదిన నా వైపు చూసింది. నేను చెబుతానని చూసిందమ్మా. నేను గుమ్మం వైపు తిరిగాను. చివరికి ఆవిడే, "నావే" అంది.

నిజమేనా అని ఆయన నన్నడిగాడు.

అవునన్నాను. కాగితం కింద ఉన్న సంతకం నాదే, చూడండి.

ఇంతవరకూ వదిన ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. నిన్న కూడా పిలిచి టీ ఇచ్చింది. సిగ్గుతో తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను.

రాసిస్తానమ్మా, అవి నావేనని రాసిస్తాను. అంటే... నా పేరు తీసేస్తారా? అసలు మిషను మీద నాకొచ్చేదెంతని? రెండు పేర్లూ ఉండేట్టు చూడలేరా? పోనీ, అవి మా వెనక గదిలో అద్దెకున్నావిడవి అని రాస్తే?

చూశారా. ఇంత చెప్పుకుని ఏడ్చి, మళ్ళీ ఇంకొకరి నెత్తినే పెడదామని చూస్తున్నాను. ఇలాంటిదాన్నమ్మా నేను.